బొటనవేలికి అందని గాలి

టైరు పక్క గోడ మీద చిన్న అంకెల్లో 120 అని అచ్చు వేసి ఉంది. మా మేనల్లుడు దాన్ని వేలితో తడిమి చదివి, "మామా, నూట ఇరవై అని రాసుంది. గంతే కొట్టిద్దాం" అన్నాడు. హైదరాబాద్‌లో ఎవరో కొన్నాళ్ళు తొక్కి అమ్మేసిన రేసింగ్ సైకిల్ అది. బస్సు టాపు మీద ధర్పల్లికి వచ్చింది. మావాడికి పద్దెనిమిదేళ్ళు, ఒంటి బరువు 58 కిలోలు. ఆశ కూడా పెద్దదేం కాదు. తెల్లవారుజామున రామడుగు ప్రాజెక్టు దాకా, ఆదివారాలు డిచ్‌పల్లి మీదుగా నిజామాబాద్ దాకా తొక్కి రావాలని.

పంచర్ల దుకాణం చాచా ఆ టైరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ సన్నపు టైరు మనిషిని మోస్తదా బేటా?" అంటూ బొటనవేలితో గట్టిగా నొక్కాడు. వేలు దిగీ దిగనట్టు ఆగిపోయింది. "మస్తుగున్నది గాలి. ఇంక కొట్టద్దు, పో" అని తీర్పు చెప్పాడు. ఇంటికొచ్చి గేజీ ఉన్న పంపు పెట్టి చూస్తే ముల్లు 55 దగ్గర నిలబడింది.

కంపెనీ మాట 120, చాచా వేలి మాట 55. మావాడి బరువుకు, ఆ టైరు వెడల్పుకు, మా ఊరి రోడ్డుకు కావలసింది రెండూ కాదు. అది 75 దగ్గర ఎక్కడో ఉంది. కొత్తగా రోడ్డు సైకిల్ కొన్నవాళ్ళలో చాలామంది ఈ రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. పంచర్లకూ, నడుం నొప్పికీ సగం కారణం అక్కడే దొరుకుతుంది.

ముందు చాచా వేలి సంగతి. ఆయనది అజ్ఞానం అనుకుంటే పొరపాటు. మన ఊళ్ళలో పాలు, గడ్డిమోపులు, యూరియా బస్తాలు మోసిన నల్ల సైకిల్‌కు 28 × 1½ టైరు ఉంటుంది. అంటే వెడల్పు దాదాపు 40 మిల్లీమీటర్లు. దాని వాల్ లోపల చిన్న రబ్బరు గొట్టం తొడుగుతారు. పది పైసలకు మూరెడు కొని కత్తిరించుకున్న ఆ వాల్ ట్యూబు చాలామందికి గుర్తుండే ఉంటుంది. పంపు కొట్టినప్పుడు గాలి ఆ రబ్బరును సాగదీసి లోపలికి దూరుతుంది. కొట్టడం ఆపగానే లోపలి గాలే ఆ రబ్బరును రంధ్రానికి అదిమి పట్టి దారి మూసేస్తుంది. గట్టి ఉపాయమే. కానీ బయట గేజీ పెడితే దానికి లోపలి ఒత్తిడి తెలిసే దారి లేదు, మధ్యలో మూసిన తలుపు ఉంది కదా. గాలిని కొలిచే వీలే లేని వాల్‌తో మన దగ్గర తరాలు గడిచిపోయాయి. వేలితో నొక్కి చూడటం అలవాటైంది. ఆ లావు టైరుకు ఆ కొలత చాలు కూడా.

సన్న టైరు దగ్గరికి వచ్చేసరికి వేలు ఎందుకు మోసం చేస్తుంది? లెక్క సులువే. గాలి ఒత్తిడిని మనం పీఎస్ఐలో కొలుస్తాం. చదరపు అంగుళం చోటు మీద ఎన్ని పౌన్ల బరువు మోపినట్టు గాలి నెడుతోందో ఆ అంకె చెబుతుంది. మన వాడుకలోకి తెస్తే 14 పీఎస్ఐ అంటే ఇంచుమించు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. నల్ల సైకిల్ టైరులో ఉండే 40, 45 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు మూడు కిలోలు. బొటనవేలి కొస వైశాల్యం రెండు చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఆరేడు కిలోల బలంతో నొక్కినప్పుడు కాస్త దిగుతుంది. అంత బలం ఎవరి వేలికైనా ఉంటుంది. అదే 75 పీఎస్ఐ అయితే పది కిలోలు దాటాలి. వేలి సత్తా అక్కడితో అయిపోతుంది. ఆ పైన 80 ఉన్నా, 100 ఉన్నా, 120 ఉన్నా వేలికి అన్నీ రాయే. సన్న టైరుకు అసలు తేడాలన్నీ వేలు మొద్దుబారిన ఆ మేరలోనే ఉన్నాయి.

ఇక కంపెనీ అంకె. 120 అన్నది ఇంత కొట్టమని చెప్పే సలహా కాదు, ఇంతకు మించి కొట్టొద్దని చెప్పే హద్దు. లారీ వెనక రాసిన గరిష్ఠ బరువు చూసి రోజూ అంత సరుకు ఎక్కించాలని ఎవరూ అనుకోరు కదా. అయినా ఈ అంకె దగ్గర మాత్రం అందరం బోల్తా పడతాం. ఎందుకంటే గట్టిగా ఉంటే వేగంగా పోతుందన్న నమ్మకం మనసులో పాతుకుపోయి ఉంది.

ఆ నమ్మకం ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే గాలి టైరు అసలు దేనికి పుట్టిందో చూడాలి. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండికి రబ్బరు గొట్టం చుట్టి గాలి నింపాడు. గట్టి రబ్బరు చక్రాల మీద పిల్లవాడి ఒళ్ళు హూనం కాకూడదన్నదే ఆయన ఉద్దేశం. మరుసటి ఏడాదే విల్లీ హ్యూమ్ అనే రేసుగాడు గాలి టైర్లతో పోటీకి దిగి గట్టి టైర్ల వాళ్ళను ఓడించాడు. మెత్తదనం కోసం తెచ్చిన వస్తువు వేగాన్ని తెచ్చిపెట్టింది. (ఈ ఆలోచనకు రాబర్ట్ థామ్సన్ అనే ఆయన 1845లోనే పేటెంట్ తీసుకున్నాడని తర్వాత బయటపడి డన్‌లప్ పేటెంట్ చెల్లకుండా పోయింది. పేరు మాత్రం ఆయనదే నిలిచింది. మన పల్లెల్లో రబ్బరు టైర్ల ఎడ్లబండిని డన్‌లప్ బండి అన్నవాళ్ళలో ఎంతమందికి అది ఒక పశువుల డాక్టరు పేరని తెలుసో!)

బండ్ల మాట వచ్చింది కాబట్టి బోధన్ వైపు ఒకసారి చూద్దాం. 1937లో మొదలై 2015 చివర్లో మూతపడ్డ నిజాం షుగర్స్ వల్ల శక్కర్‌నగర్ అనే పేరే పుట్టిన ప్రాంతం అది. చెరకు బండ్లు ఎరిగిన పెద్దవాళ్ళను అడగండి, ఇనుప పట్టా చక్రానికీ గాలి చక్రానికీ తేడా చెబుతారు. ఇనుప పట్టా రాయి మీదికి ఎక్కితే బండి మొత్తం, చెరకుతో సహా, ఆ రాయి ఎత్తు పైకి లేవాలి. ఆ లేపే శక్తి ఎడ్ల మెడల నుంచి రావాలి. రాయి దిగినప్పుడు ఆ శక్తి తిరిగి రాదు, ధబ్బున పడి వృథా అవుతుంది. గాలి టైరైతే రాయిని తనలోకి మింగుతుంది. బండి లేవదు, టైరు ఆ కాస్త చోట నొక్కుకుని దాటగానే తిరిగి ఉబ్బుతుంది. నొక్కుకోవడానికి పట్టిన శక్తిలో ఎక్కువ భాగం ఉబ్బేటప్పుడు వెనక్కి వస్తుంది.

ఇప్పుడు సన్న టైరులో 120 కొట్టామనుకోండి. డబ్బు పెట్టి గాలి టైరు కొని, దాన్ని మళ్ళీ ఇనుప పట్టా వైపు నడిపించినట్టే.

అయినా నూరేళ్ళపాటు రేసుల వాళ్ళు గట్టిగానే కొట్టారు. ప్రయోగశాలలు కూడా వాళ్ళకే సాక్ష్యం చెప్పాయి. నున్నటి ఉక్కు పీపా మీద టైరును దొర్లించి కొలిస్తే గాలి పెంచేకొద్దీ నిరోధం తగ్గుతూనే పోతుంది. టైరు వంగినప్పుడల్లా దాని రబ్బరు, బట్ట లోపల కొంత శక్తి వేడిగా మారుతుంది. గాలి ఎక్కువైతే వంపు తక్కువ, నష్టం తక్కువ. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే ఉక్కు పీపా మీద మనిషి కూర్చోలేదు, దాని మీద కంకరా లేదు. అమెరికాలో యాన్ హైనె, ఆయన నడిపిన 'బైసికిల్ క్వార్టర్లీ' పత్రిక బృందం మనిషిని సైకిల్ మీద కూర్చోబెట్టి అసలు రోడ్డు మీద, గరుకు పట్టీల మీద కొలిచి చూసినప్పుడు రెండో నష్టం లెక్కలోకి వచ్చింది. గట్టి టైరు మింగలేని కుదుపు రిమ్ము, సీటు, హ్యాండిల్ దాటుకుని మన ఒంట్లోకి వస్తుంది. కండరాలు, కొవ్వు, పేగులు అదిరి ఆ శక్తిని వేడి చేసి పారేస్తాయి. ఆ శక్తి ఎక్కణ్ణుంచి వచ్చింది? మన కాళ్ళ నుంచే. ఒళ్ళు జల్లుమంటుంటే వేగంగా పోతున్నామనిపిస్తుంది, నిజానికి మన తొక్కుడు మన ఒంటినే కుదపడానికి ఖర్చవుతోంది.

ఈ రెండు నష్టాలూ కలిపితే మధ్యలో ఒక మంచి చోటు దొరుకుతుంది. గాలి అంతకన్నా తక్కువైతే టైరు వంపులో నష్టం, ఎక్కువైతే ఒంటి కుదుపులో నష్టం. రేసు చక్రాల తయారీలో పేరున్న జాష్ పోర్ట్‌నర్ ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చూపించాడు. ఆ చోటుకు కొంచెం ఇవతల ఉంటే నష్టం మెల్లగా పెరుగుతుంది, అవతలికి దాటితే గబగబా పెరుగుతుంది. కాబట్టి ఎటూ తేలకపోతే రెండు మూడు పాయింట్లు తక్కువే మేలు. రోడ్డు ఎంత గరుకైతే ఆ మంచి చోటు అంత కిందికి జరుగుతుంది. తారు నున్నగా ఉన్న 44వ నంబరు జాతీయ రహదారి మీద నడిచే అంకె, కంకర తేలిన మా మండలం బీటీ రోడ్డుకు పనికిరాదు.

మావాడి దగ్గరికి వద్దాం. మనిషి, సైకిల్, నీళ్ళ సీసా కలిపి 70 కిలోలు. వెనక చక్రం మీద సగానికి కాస్త ఎక్కువ, 38 కిలోలు అనుకుందాం. ఆ బరువును మోసేది నేలను తాకిన రబ్బరు వెనక ఉన్న గాలి. బరువును ఒత్తిడితో భాగిస్తే ఎంత టైరు నేలను తాకుతోందో ఇంచుమించుగా తెలుస్తుంది. 120 దగ్గర అది నాలుగున్నర చదరపు సెంటీమీటర్లు. పది రూపాయల బిళ్ళ కన్నా చిన్నది! బ్రేకు పట్టేదీ, మలుపులో జారకుండా ఆపేదీ ఆ కాస్త రబ్బరే. గులకరాయి తగిలి టైరు ఎగిరిందంటే ఆ క్షణం అదీ ఉండదు. 75 దగ్గర బిళ్ళకూ పావు వంతు కలిసిన చోటు నేలను పట్టుకుంటుంది. ముందు చక్రం మీద బరువు తక్కువ కాబట్టి అక్కడ ఇంకో ఐదు తగ్గించి 70 పెట్టుకోవచ్చు. రెండు చక్రాలకూ ఒకటే అంకె అన్న అలవాటు మానుకోవాలి. మోటారు సైకిల్‌కు ముందు ఒకటి, వెనక ఒకటి అడిగి మరీ పట్టించుకునే మనం సైకిల్ దగ్గర ఎందుకు మరిచిపోతామో!

ఇవన్నీ 25 మిల్లీమీటర్ల టైరుకు చెప్పిన మాటలు. పక్కవాడి అంకె అరువు తెచ్చుకుంటే ఇక్కడే దెబ్బ తింటాం. టైరు బట్ట మీద పడే లాగుడు ఒత్తిడి మీదే కాదు, వెడల్పు మీద కూడా ఆధారపడుతుంది. రెండింటినీ హెచ్చించాలి. 32 మిల్లీమీటర్ల టైరులో 80 కొడితే అది 25 మిల్లీమీటర్ల టైరులో 102 కొట్టినంత బిగుసుకుంటుంది. మావాడి బరువుకే 28 టైరైతే 65 చుట్టూ, 32 అయితే 50 పైన మొదలుపెట్టాలి. బరువు ఐదు కిలోలు పెరిగితే సన్న టైరుకు నాలుగైదు పాయింట్లు పెంచాలి. ఈ అంకెలు మొదలుపెట్టడానికే, వేదవాక్కులు కావు. ఫ్రాంక్ బెర్టో అనే ఇంజనీరు దీనికి ఇంట్లోనే చూసుకునే కొలబద్ద ఒకటి ఇచ్చాడు. మనిషి ఎక్కినప్పుడు టైరు ఎత్తు వందకు పదిహేను వంతులు అణగాలని. 25 మిల్లీమీటర్ల టైరుకు అది నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. గోడకు ఆనుకుని సైకిల్ ఎక్కి, ఇంకొకరిని స్కేలు పట్టుకోమంటే సరిపోతుంది. ఈ రోజుల్లో రోడ్డు గతుకులను బట్టి ఇంకాస్త మెత్తగా పెట్టుకునేవాళ్ళే ఎక్కువ.

కొత్తగా ఖరీదైన సైకిల్ కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. కొన్ని కొత్త రిమ్ములకు టైరు అంచును పట్టి ఉంచే కొక్కెపు అంచు ఉండదు. వాటికి 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు. టైరు మీద ఏం రాసినా రిమ్ము హద్దు వేరు. రెండింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది.

గాలి తగ్గితే వచ్చే ముప్పు కూడా చిన్నది కాదు. 55తో మావాడు నిజామాబాద్ బయల్దేరి ఉంటే ఏ స్పీడ్ బ్రేకరు దగ్గరో టైరు పూర్తిగా అణిగి, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగేది. అప్పుడు పక్కపక్కన రెండు గాట్లు పడతాయి. సైకిల్ వాళ్ళు దీన్ని పాముకాటు అంటారు, చూస్తే అచ్చం కోరల గుర్తులే. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచినప్పుడు రెండు చోట్ల నుంచి బుడగలు జంటగా వస్తే దారిలో ముల్లు కోసం వెతకనక్కర్లేదు, తప్పు పంపుది. ఒకే చోట నుంచి వస్తే అది పల్లేరు కాయో, సర్కారు తుమ్మ ముల్లో అయి ఉంటుంది. దానికి గాలితో పెద్దగా సంబంధం లేదు. యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తే సైకిళ్ళు అంచుకు దిగక తప్పదు, పల్లేరు కాచుకుని ఉండేది అక్కడే. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల పాత బట్టతో ఒక చుట్టు తుడవండి. మిగిలిన ముల్లు బట్టకు తగులుకుంటుంది. వేలితో తుడిస్తే వేలికి తగులుకుంటుంది.

మరి ఎన్నాళ్ళకోసారి కొట్టాలి? నల్ల సైకిల్ పదిహేను రోజులు ఊరుకుంటుంది. ఇది ఊరుకోదు. దీని ట్యూబులో పట్టే చోటు ఒక లీటరే, నల్ల సైకిల్‌లో రెండున్నర లీటర్ల పైన. రబ్బరు కంటికి గట్టిగా కనిపించినా గాలి అణువులు దాని గుండా మెల్లగా జారిపోతూనే ఉంటాయి. లోపల ఒత్తిడి ఎక్కువైతే ఇంకా త్వరగా. చిన్న కడవలోంచి అంతే నీళ్ళు కారితే మట్టం ఎంత గబుక్కున పడిపోతుందో ఇదీ అంతే. వారానికి రెండుసార్లు గేజీ చూడటం అలవాటు చేసుకోవాలి. పంపు మూతి తీసేటప్పుడు వచ్చే బుస్సుమన్న శబ్దానికి కంగారు పడొద్దు. పోయేది ఎక్కువగా పంపు గొట్టంలో గాలే.

వాల్ కూడా వేరు. సన్నగా పొడుగ్గా ఉండి, కొసన చిన్న మర ఉంటుంది. ప్రెస్టా వాల్వ్ అంటారు. ఆ మరను పూర్తిగా వదులు చేసి, ఒక్కసారి వేలితో నొక్కి బుస్సుమనిపించాకే పంపు తొడగాలి. మొదటి వారం మావాడు అది మరిచిపోయి, రెండు దెబ్బలకే ముల్లు వంద దాటిందని సంబరపడ్డాడు. చక్రం లోపలికి చుక్క గాలి పోలేదు.

ఇంకో సంగతి. మన ఇళ్ళలో ఉండే లావు పంపుతో 75 దాకా కొట్టడం బక్కపిల్లల వల్ల కాదు. దాని గొట్టం వ్యాసం నాలుగు సెంటీమీటర్లు అనుకుంటే ఆ ఒత్తిడి దగ్గర పిడి మీద 65 కిలోలు మోపాలి. మావాడు వేలాడినా కిందికి దిగదు. రోడ్డు సైకిల్ పంపు గొట్టం సన్నగా ఉండేది అందుకే. ప్రతి దెబ్బకూ తక్కువ గాలి పోతుంది, కానీ బలం సరిపోతుంది. దుకాణంలో మోటారు కంప్రెసర్ ఉంది కదా అంటారా? ఇత్తడి అడాప్టర్ తగిలిస్తే పడుతుంది. అయితే లీటరు చోటు కళ్ళు మూసి తెరిచేలోగా నిండిపోతుంది. ట్యూబు అంచు టైరు కింద ఇరుక్కుని ఉందంటే తుపాకి పేలినట్టే. బతిమాలి అయినా దాన్ని చేతి పంపుతో కొట్టించుకోండి.

ఎండ మాట చెప్పకుండా నిజామాబాద్ జిల్లాలో టైర్ల గురించి రాయలేం. "ఎండకాలం గాలి తక్కువ కొట్టాలె, లేకుంటే పేలుతది" అంటారు పెద్దవాళ్ళు. ఎంత నిజం? తెల్లవారి 25 డిగ్రీల్లో 75 కొట్టిన టైరు మధ్యాహ్నం 45 డిగ్రీలకు చేరితే ఒత్తిడి 81 అవుతుంది. కాలే తారు మీద టైరే 60 డిగ్రీలకు వేడెక్కినా 85, 86. టైరు హద్దు 120 అయినప్పుడు దీనికి భయపడేదేం లేదు. అదే పొద్దున్నే 120 కొట్టుకుని బయల్దేరితే మిట్టమధ్యాహ్నానికి 136 దగ్గర ఉంటాం. పెద్దవాళ్ళ మాట చెల్లేది అక్కడ. చాలాసార్లు ఎండలో పేలేది గాలి పెరిగి కాదు, ఏళ్ళ తరబడి ఎండి పగుళ్ళిచ్చిన టైరు కావడం వల్ల.

వానకు? రెండు మూడు పాయింట్లు తగ్గిస్తే పట్టు కాస్త బాగుంటుంది. టైరు మీద గాడులు లేవు, నీళ్ళ మీద తేలిపోతుందేమోనని కొందరి భయం. విమానాల టైర్లు నీటి మీద తేలడాన్ని పరిశీలించిన నాసా ఇంజనీరు వాల్టర్ హార్న్ సూత్రం ప్రకారం 75 పీఎస్ఐ టైరు తేలాలంటే గంటకు 140 కిలోమీటర్లు దాటాలి. ఆ వేగం వస్తే టైరు సంగతి తర్వాత చూసుకుందాం.

మావాడు ఇవన్నీ నా నోటి మాటగా నమ్మలేదు, అది మంచిదే. గాలి వీయని ఒక తెల్లవారుజామున ప్రాజెక్టు దారిలో చిన్న దిగుడు చూసుకున్నాడు. ఒకే చోట తొక్కడం ఆపి, సైకిల్ తనంతట తాను ఎక్కడ ఆగుతుందో అక్కడ సుద్దతో గీత గీశాడు. 120తో మూడుసార్లు, 75తో మూడుసార్లు. 75 గీతలు కొంచెం ముందున్నాయి. ఒక్క సైకిల్, ఒక్క రోడ్డు, ఒక్క పొద్దు కాబట్టి దీన్ని రుజువు అనలేం. వాడికి మాత్రం చాలింది. వసారా గోడ మీద బొగ్గుతో "ముందు 70, ఎనుక 75" అని రాసుకున్నాడు. వాళ్ళమ్మ ఇంకా చూడలేదు.

ఆ ఆదివారం నిజామాబాద్ పోయి వచ్చి, తిన్నగా చాచా దుకాణం ముందు దిగాడు. సంచిలోంచి గేజీ తీసి ముల్లు చూపించాడు. చాచా దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "నా బండికి పెట్టు బేటా, ఎంతున్నదో చూద్దాం" అన్నాడు. వాల్ ట్యూబు ఉన్న ఆ వాల్‌కు అది పట్టలేదు. చాచా నవ్వి, గేజీ తిరిగి ఇచ్చేసి, వంగి తన వెనక టైరును బొటనవేలితో నొక్కాడు. సరిపోయిందన్నాడు. ఆ టైరుకు సరిపోయే ఉంటుంది.